ఆటగాడి సంతకం అడగని బదిలీలు

సంపాదకులకు నమస్కారం.

రవీంద్ర జడేజా చెన్నై నుంచి రాజస్థాన్‌కు, సంజూ శాంసన్ రాజస్థాన్ నుంచి చెన్నైకి మారినప్పుడు మీ పత్రికలో వచ్చిన పాఠకుల ఉత్తరాలన్నీ చదివాను. నేనుండేది కెనడాలోని ఎడ్మంటన్‌లో. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ఫోనులో మీ పత్రిక చదవడం పదేళ్లుగా అలవాటు. ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని మనవాళ్లు అంత పట్టుదలగా వాదించుకుంటుంటే నాకు మా ఊరే కళ్ల ముందు కనిపించింది. ఆ పోలిక వల్లే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడి ఆట ఐస్ హాకీ. మా ఊరి జట్టు ఆయిలర్స్. అది ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లున్నాయి. సీజన్ మధ్యలో ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఒక గడువు ఉంటుంది. ఆ తర్వాత మారిన ఆటగాడు కొత్త జట్టు తరఫున ఆ ఏడాది ప్లేఆఫ్స్ ఆడలేడు. అందుకే చివరి వారంలో సంత బేరాల్లా జరిగిపోతాయి. ఈసారి, అంటే 2026లో, గడువు మార్చి 6, శుక్రవారం, మా గడియారంలో మధ్యాహ్నం ఒంటి గంట. ఫిబ్రవరి మొదలైందంటే మందుల దుకాణంలో, బస్టాపులో, టైర్లు మార్చే చోట, ఎక్కడ చూసినా ఇదే మాట. మా తెలుగువాళ్ల సంక్రాంతి భోజనాల్లో కూడా పులిహోర చల్లారిపోతుంటే నలుగురు మగవాళ్లు నిలబడి, రక్షణ పంక్తిలో కుడిచేతి వాటం ఆటగాణ్ణి ఎక్కణ్ణుంచి తేవాలా అని గంటసేపు తర్జనభర్జన పడ్డారు.

ఈ వాదనలు నాకు ఇష్టం. ఆ మాట ముందే చెప్పాలి. మా మనవడికి పన్నెండేళ్లు. వాడి దగ్గర ఒక గీతల నోటుపుస్తకం ఉంది. ఎడమవైపు ఆటగాడి పేరు, కుడివైపు జీతం, అడుగున మొత్తం. ఈ 2025-26 సీజన్‌లో ఒక్కో జట్టు జీతాల పరిమితి 9.55 కోట్ల డాలర్లు. కొత్తవాణ్ణి తెస్తే లెక్క దాటిపోతుంది కాబట్టి ఎవరినో ఒకరిని పంపాలి, లేదా అవతలి జట్టు అతని జీతంలో కొంత భరించడానికి ఒప్పుకోవాలి. ఆ వాటా సగానికి మించకూడదు. ఇదంతా వాడు రబ్బరుతో చెరుపుతూ, మళ్లీ రాస్తూ, దశాంశాలు తప్పకుండా కూడుకుంటాడు. బడిలో రాని శ్రద్ధ ఆ పేజీల మీద వచ్చింది. రాబోయే ఏళ్లలో పద్ధెనిమిదేళ్ల కుర్రవాళ్లను ఎంచుకునే హక్కును కూడా జట్లు ఇలాగే మార్చుకుంటాయి. ఈ ఏడాది కప్పు కోసం మూడేళ్ల తర్వాతి ఆటగాణ్ణి వదులుకోవచ్చా అన్న ప్రశ్న మీద పిల్లవాడు రాత్రి భోజనం మానేసి ఆలోచిస్తుంటే నేనెందుకు కాదంటాను?

జనవరిలో ఒకరోజు వాడు ఒక పేరు పక్కన బాణం గీశాడు. మా జట్టులో ఇరవై రెండేళ్ల కుర్రవాడు. 'ఇతన్ని పంపేస్తే సరిపోతుంది అమ్మమ్మా' అన్నాడు. 'అతన్ని అడుగుతారా?' అన్నాను. 'అడగనక్కరలేదు. అతని ఒప్పందంలో ఆ నిబంధన లేదు' అని పెన్సిలు ఎత్తకుండానే చెప్పాడు.

వాడు చెప్పింది నిజమే. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒడంబడిక ప్రకారం, తన అనుమతి లేకుండా బదిలీ చేయకూడదన్న షరతు ఒక ఆటగాడికి వర్తించాలంటే అతనికి 27 ఏళ్లు రావాలి, లేదా లీగ్‌లో ఏడు సీజన్లు పూర్తి కావాలి. అప్పుడైనా అది జట్టుతో బేరమాడి సంపాదించుకోవలసిందే, దానంతట అది రాదు. అంతకు ముందు వయసులో ఉన్నవాణ్ణి మంచుతుపానులో అర్ధరాత్రి విమానం ఎక్కమంటే ఎక్కాలి. మా వాడి నోటుపుస్తకంలో మిగతా నలభై పేజీల లెక్కలు ఎంత పక్కాగా ఉన్నా ఈ ఒక్క విషయం నాకు మింగుడుపడదు.

నేనీ ఊరికి 1987లో వచ్చాను. మా ఆయన ఉద్యోగం ఇక్కడ. ఆటంటే ఏమిటో, మంచు మీద మనుషులు ఎలా నిలబడతారో తెలియదు. మరుసటి ఏడాది ఆగస్టు 9న పొరుగింటి యుక్రెయిన్ ముసలావిడ తన వాకిట్లో మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. పరుగెత్తుకెళ్లి ఏమైందని అడిగాను. 'వేన్ పోయాడు' అంది. కొడుకేమో అనుకుని ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం టీవీలో చూసేదాకా ఆ వేన్ ఎవరో నాకు తెలియలేదు. వేన్ గ్రెట్జ్కీ. అయిదేళ్లలో నాలుగు కప్పులు తెచ్చిన 99వ నంబరు ఆటగాడు. జూలైలో ఇదే ఊళ్లో అతని పెళ్లి జరిగితే జనం రాజకుమారుడి పెళ్లిలా చూడటానికి వెళ్లారు. మూడు వారాలు గడిచాయో లేదో లాస్ ఏంజెలెస్‌కు ఇచ్చేశారు. బదులుగా వచ్చింది ఇద్దరు కుర్ర ఆటగాళ్లు, మూడు మొదటి రౌండు ఎంపిక హక్కులు, ఒకటిన్నర కోట్ల అమెరికా డాలర్లు. అతనే కోరుకున్నాడని యజమాని పక్షం చెప్పింది. ఊరు నమ్మలేదు. ఈ బేరాన్ని ప్రభుత్వం ఆపాలని నెల్సన్ రీస్ అనే పార్లమెంటు సభ్యుడు డిమాండ్ చేశాడు. విలేకరుల ముందు గ్రెట్జ్కీ మాట పూర్తిచేయలేక కళ్లు తుడుచుకోవడం నేను భాష సరిగా అర్థంకాని రోజుల్లో చూశాను. ఆ ఏడుపుకు మాత్రం అనువాదం అక్కరలేకపోయింది.

2007లో రయాన్ స్మిత్‌ది కూడా చూశాను. ఆల్బెర్టాలోనే పుట్టినవాడు, 1994 నుంచి ఈ జట్టువాడే. ఏడాదికి లక్ష డాలర్ల తేడా దగ్గర ఒప్పందం తెగిపోయిందని అప్పటి పత్రికలు రాశాయి. ఫిబ్రవరి 27న గడువు ముగిసే నిమిషాల్లో అతన్ని న్యూయార్క్ ఐలాండర్స్‌కు పంపారు. విమానాశ్రయంలో నిలబడి ఏడుస్తూ మళ్లీ వస్తానన్నాడు. 2011లో వచ్చాడు, 2014లో ఇక్కడే రిటైరయ్యాడు. అతన్ని పంపేశాక మా జట్టు 2017 దాకా ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. అది ఆ ఒక్క బదిలీ ఫలితం అనను, అలా అంటే అన్యాయం. కాని ఆ రోజు బస్సులో నా పక్కన కూర్చున్నవాళ్లు లక్ష డాలర్ల గురించే మాట్లాడుకున్నారు.

వీళ్లంతా పెద్ద పేర్లు. నా మనసులో నిలిచిపోయింది మాత్రం పేరు లేని ఒక పిల్లవాడు.

నేను ఇరవై రెండేళ్లు ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్లకు సహాయకురాలిగా పనిచేశాను. ఇక్కడ పిల్లలు మంచు బూట్లు వరండాలో విప్పి, బడిలో వేసుకోవడానికి వేరే జోడు ఉంచుకుంటారు. ఒక ఏడాది రెండో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. తండ్రి హాకీ ఆటగాడు. అందరికీ తెలిసిన పేరు కాదు, నాలుగో వరసలో ఆడేవాడు. ఏ సంవత్సరమో, ఎవరో చెప్పను. ఒక గురువారం ఆ అబ్బాయి రాలేదు. పదకొండు గంటలకు తల్లి వచ్చింది. కోటు గుండీలు పైవి కిందా కిందివి పైనా పెట్టుకుని ఉంది. తండ్రి ముందురోజు రాత్రే వెళ్లిపోయాడట, మర్నాడు అక్కడ ఆట ఉందట. సామాను, ఇల్లు, పిల్లలు అన్నీ ఆవిడ మీద. నేను బల్ల సొరుగు ఖాళీ చేసి ఇచ్చాను. మడమ దగ్గర నల్ల సిరాతో పేరు రాసిన బూట్లు, సగం వాడిన జిగురు, ఇంకా తడి ఆరని రంగుల బొమ్మ. బొమ్మను చుట్టకూడదని అట్ట మీద పెట్టి ఇచ్చాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి, 'లెక్కల్లో ఎక్కడిదాకా వచ్చారో ఒక కాగితం మీద రాసిస్తారా? కొత్త బడిలో చూపించాలి' అని అడిగింది. రెండంకెల తీసివేతల దాకా వచ్చారని రాసిచ్చాను. సంతకం చేస్తుంటే నా చేయి వణికింది.

ఎందుకంటే ఆ కాగితం నాకు తెలుసు. మా నాన్నగారు రైల్వే గార్డు. బిట్రగుంట నుంచి రాజమండ్రికి బదిలీ ఉత్తర్వు జనవరిలో వచ్చింది. నేను ఏడో తరగతి, రెండు నెలల్లో పబ్లిక్ పరీక్షలు. మా హెడ్‌మాస్టారు ఇలాంటి కాగితమే రాసి, మడిచి నా చేతిలో పెట్టారు. కొత్త బడిలో లెక్కల మాస్టారు దాన్ని చదివి, 'వీళ్లు వెనకబడి ఉన్నారు' అని తరగతి అంతా వినేలా అన్నారు. ఇంగ్లీషులో ట్రేడ్ అన్న మాట వినగానే నా తెలుగులో పలికే మాట బదిలీ. రైల్వే వాళ్లకైనా ఒక యూనియన్, ఒక అర్జీ, ఒక మనవి ఉండేవి.

మరి ఆటగాళ్లకు కోట్ల జీతాలు కదా అంటారు. అంటారని తెలుసు, మా అల్లుడు ప్రతిసారీ అదే అంటాడు. జీతం ఆటకు ఇస్తారు. అర్ధరాత్రి ఊరు విడిచి వెళ్లేటప్పుడు అభిప్రాయం అడగకపోవడానికి అది ధర కాకూడదు. జట్లు నడవవు అని కూడా అంటారు. బదిలీలే వద్దని నేను అనడం లేదు. 2000 మార్చిలో రే బోర్క్ ఇరవై ఏళ్లకు పైగా ఆడిన బోస్టన్‌ను వదిలి కొలరాడోకు వెళ్లాడు. కప్పు గెలిచే అవకాశం కావాలని తనే అడిగి వెళ్లాడు. 2001 జూన్‌లో గెలిచినప్పుడు కెప్టెన్ జో సాకిక్ కప్పును తను పైకెత్తకుండా నేరుగా బోర్క్ చేతికిచ్చాడు. ఆ దృశ్యం చూసి నేనూ చప్పట్లు కొట్టాను. నిరుడు, 2025లో, గడువు రోజున బోస్టన్ తన కెప్టెన్ బ్రాడ్ మార్షాండ్‌ను ఫ్లోరిడాకు ఇస్తే, జూన్‌లో అతనే ఫైనల్లో మా మీద ఆరు గోల్స్ కొట్టాడు. రెండో ఆట మా ఊళ్లోనే, రెండో అదనపు సమయంలో అతని గోల్‌తోనే పోయింది. మా మనవడు ఆ రాత్రి జెర్సీ విప్పకుండానే పడుకున్నాడు. బదిలీ ఎంత పని చేస్తుందో మా ఇంటికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2025 డిసెంబరులో ఇదే ఊళ్లో పుట్టి పెరిగి, రెండేళ్లు వరసగా జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లిన గోల్‌కీపర్ స్టువర్ట్ స్కిన్నర్‌ను పిట్స్‌బర్గ్‌కు పంపారు. ఆటపరంగా అది సరైనదో కాదో నేను తేల్చలేను. కాని రెండేళ్లుగా అతణ్ణి వదిలించుకోమని అరిచినవాళ్లు ఆ రోజు పండగ చేసుకోవడం నాకు నచ్చలేదు.

ఇప్పుడు మనవాళ్ల సంగతి. ఐపీఎల్‌లో రెండు జట్లు ఒక ఆటగాణ్ణి మార్చుకోవాలంటే అతని సమ్మతి తప్పనిసరి. వేలంలో ఎవరు కొంటారన్నది అతని చేతిలో లేదు, అది వేరే చర్చ. కాని జట్టులో చేరాక మారాలంటే సంతకం అతనిదే. ప్రపంచంలోకెల్లా పెద్ద హాకీ లీగ్‌లో ఇరవై రెండేళ్ల కుర్రవాడికి లేని హక్కు ఇది. జడేజా గురించి వచ్చిన అన్ని ఉత్తరాల్లో ఈ సంగతి ఒక్కరు కూడా రాయలేదు. చెన్నై అతన్ని 'వదిలించుకుంది' అని ఒకరు, 'పాత సరుకు' అని ఇంకొకరు రాశారు. 2024లో హార్దిక్ పాండ్యా ముంబై కెప్టెన్‌గా వస్తే వాంఖడేలో సొంత అభిమానులే హేళన చేశారు. సంతకం పెట్టే హక్కు ఉన్నవాడు పెడితే ద్రోహి అంటాం, హక్కు లేనివాణ్ణి పంపేస్తే సరుకు అంటాం.

మీకు నా మనవి ఒకటే. ఇలాంటి బదిలీల వార్త వేసినప్పుడు ఎంత డబ్బు, ఎవరికి ఎవరు అన్నదానితో పాటు ఆటగాడు ఒప్పుకున్నాడా, అడిగారా అన్నది కూడా ఒక వాక్యంలో వేయండి. వాదించుకునేవాళ్లు దాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఇక్కడి ఆటగాళ్ల సంఘానికి కూడా నేను ఇదే రాశాను, ఆ 27 ఏళ్ల అడ్డు తగ్గించమని.

మా మనవడు ఆ బాణాన్ని ఇంకా చెరపలేదు. ఆ కుర్రవాడు వెళితేనే మాకు కప్పు వస్తుందని వాడి నమ్మకం. వెళ్లమని అతణ్ణి అడిగితే ఒప్పుకుంటాడేమో కదా అని నేను, ఒప్పుకోకపోతే ఏం చేస్తారని వాడు, రోజూ రాత్రి గిన్నెలు తుడుస్తూ వాదించుకుంటున్నాం. మార్చి 6 దాకా ఇది తెగేలా లేదు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎడ్మంటన్, కెనడా