ఎఫ్‌ఐఆర్ లేని రాజీలతోనే వడ్డీ దందాకు బలం

సంపాదకులకు,

రౌడీషీటర్లను ఆదివారం స్టేషన్‌కు పిలిచి కౌన్సెలింగ్ ఇవ్వడం విశాఖలో మామూలే. ఆ వరసలో వడ్డీకి డబ్బు తిప్పే అసలు మనిషి కనిపించడు. అతని మీద షీటు ఉండదు. రోజూ లైనుకెళ్లి, అంటే బండి బండికీ తిరిగి, వసూలు చేసే కుర్రాళ్ల మీద కూడా చాలాసార్లు ఒక్క కేసూ ఉండదు. ఎందుకుండదో చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూడండి. పూర్ణామార్కెట్, జ్ఞానాపురం, కంచరపాలెం చుట్టుపక్కల తోపుడుబళ్ల వాళ్లందరికీ తెలిసిన పద్ధతే. వాయిదాలు రాసుకునే అప్పు కార్డు మీద 10,000 రాసి, వడ్డీ కింద 1,500 ముందే కోసుకుంటారు. చేతికొచ్చేది 8,500. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వినడానికి నూటికి పదిహేనే అనిపిస్తుంది గానీ, అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి సరిగ్గా కడితే నెలకు నూటికి పది రూపాయల వడ్డీ తేలుతుంది, అంటే ఏడాదికి దాదాపు 120 శాతం. ఇక్కడిదాకా చాలామంది ఎలాగో నెట్టుకొస్తారు. మునిగేది కార్డు తిరగేసినప్పుడు. ముసురు పట్టి వ్యాపారం దెబ్బతింటే, 60వ రోజున ఇంకా 4,000 బాకీ ఉండగానే కొత్త కార్డు రాస్తారు. మళ్లీ 10,000, మళ్లీ 1,500 కోత, పాత 4,000 మినహాయింపు. చేతిలో పడేది 4,500. దానికోసం అదనంగా కట్టేది 6,000. వడ్డీ కోసేసిన పాత బాకీకే రెండోసారి వడ్డీ కోశారన్నమాట. పోనీ ముందే తీర్చేస్తానన్నా పైసా తగ్గించరు.

ఫిషింగ్ హార్బర్‌లో గడువు ఇంకా చిన్నది. తెల్లవారుజామున వేలంపాటలో చేపలు కొనడానికి 900 ఇచ్చి, చీకటి పడేసరికి 1,000 తీసుకుంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఉండదు. ఆ నిషేధ కాలానికి ప్రభుత్వం వేసే భృతి 20,000 పడే ఖాతా ఏటీఎం కార్డు, పిన్‌తో సహా వడ్డీవాడి దగ్గరుంటే, ఆ డబ్బు ముందు ఎవరి చేతికి వెళ్తుందో వేరే చెప్పక్కర్లేదు.

అప్పు తీసుకునేటప్పుడు రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించి, మొత్తం, తేదీ వేయకుండా ప్రాంసరీ నోటు తీసుకుంటారు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్ ప్రకారం అలాంటి కాగితాన్ని నింపుకునే అధికారం దాన్ని పుచ్చుకున్నవాడికి ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది. నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. తేదీ లేని నోటుకు మాత్రం ఆ గడువు దాటిపోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తేదీ పడుతుంది. అందుకే బాకీ తీరాక కూడా "బీరువాలో ఉందమ్మా, రేపిస్తాం" అంటారు.

ఇంటి మీదకొచ్చి గొడవ చేశారని స్టేషన్‌కు వెళ్తే ఏం జరుగుతుంది? "ఇది సివిల్ మేటర్, కూర్చుని మాట్లాడుకోండి" అంటారు. తెల్లకాగితం మీద ఇద్దరి సంతకాలతో పని అయిపోతుంది. ఎస్సైకి ఒక ఫైలు తగ్గింది, బాధితులకూ ఆ పూటకు ఊపిరాడింది. కానీ బెదిరించి డబ్బు గుంజడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 308(2) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. బెదిరించి నోటు మీద సంతకం చేయించుకున్నా అదే సెక్షన్. రాజీకి వీలున్న నేరాల జాబితాలో ఇది లేదు. ఏడేళ్ల శిక్ష కాబట్టి, ఏడేళ్ల లోపు శిక్షల నేరాలకుండే 14 రోజుల ప్రాథమిక విచారణ చేసి గానీ కేసు కట్టబోమనే వెసులుబాటూ లేదు.

అసలు నష్టం తర్వాత తేలుతుంది. అదే సంహితలో వ్యవస్థీకృత నేరాలకు పెట్టిన 111వ సెక్షన్ ఒక ముఠా మీద నిలబడాలంటే, గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు పడి, కోర్టు వాటిని విచారణకు తీసుకుని ఉండాలి. అవి కూడా మూడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాలవి కావాలి. స్టేషన్‌లో రాజీ చేసిన గొడవకు చార్జిషీటే ఉండదు. ఎప్పుడైనా కేసు కట్టినా, ఉత్త బెదిరింపుగా 351(2) కింద రాస్తే అది రెండేళ్ల నేరం, లెక్కలోకి రాదు. పైగా ఒకే వడ్డీవాడి లైను నాలుగు స్టేషన్ల పరిధిలో తిరుగుతుంది. ఏ స్టేషన్‌కు ఆ స్టేషన్‌లో అది మొదటి గొడవే. కంప్యూటర్‌లో పేరు కొడితే కేసులే కనిపిస్తాయి గానీ తెల్లకాగితం రాజీలు కనిపించవు.

కాబట్టి ఫిర్యాదులో "వడ్డీ ఎక్కువ" అని రాస్తే పని జరగదు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరెవరు వచ్చారు, ఏమని బెదిరించారు, ఆ భయంతో ఎంత ఇచ్చారు, ఏ కాగితం మీద సంతకం పెట్టారు, పక్కన ఎవరున్నారు అన్నవి రాయాలి. ఫోన్‌పేలో కట్టినవి, కాల్ రికార్డులు ఫోన్‌లోంచి చెరపొద్దు. కోర్టులో వాటికి ధ్రువపత్రం జత చేయాల్సి వస్తుంది. గొడవ తమ పరిధిలో జరగకపోయినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ (జీరో ఎఫ్‌ఐఆర్) కట్టాలి, ప్రతి ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే అదే ఫిర్యాదు స్పీడ్ పోస్టులో డీసీపీకి, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్‌కు. ఏటీఎం కార్డు వడ్డీవాడి దగ్గరుంటే ఆ రోజే బ్యాంకులో బ్లాక్ చేయించాలి. వడ్డీవాడికి చెక్కు ఇచ్చి ఉంటే మాత్రం, డబ్బు చెల్లించొద్దని బ్యాంకుకు చెప్పి (స్టాప్ పేమెంట్) ఊరుకోకూడదు, బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల్లో జవాబివ్వాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది; నంబరు 15100.

బ్యాంకుల సంగతి ఒక్క మాట. వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన స్వనిధి పథకంలో అప్పు మొదటి విడత ఇప్పుడు 15,000. వడ్డీవాడు బండి దగ్గరికే వచ్చి అయిదు నిమిషాల్లో ఇచ్చి పోతాడు. బ్యాంకు వాళ్లు నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఇచ్చే గుర్తింపు కార్డు అడుగుతారు. ఆ కార్డు లేనివాళ్లు మళ్లీ వాడి దగ్గరికే వెళ్తారు.

పోలీసు కమిషనర్‌ను మేము కోరేది ఒకటే. వడ్డీ వసూళ్ల మీద వచ్చే ప్రతి అర్జీనీ, రాజీ అయినా కాకపోయినా, అప్పిచ్చినవాడి పేరుతో, వసూలు చేసేవాడి ఫోన్ నంబరుతో కమిషనరేట్ మొత్తానికి ఒకే రిజిస్టరులో ఎక్కించండి. రెండో అర్జీలో అదే నంబరు కనిపిస్తే 308(2) కింద కేసు కట్టండి.

– చిరువ్యాపారుల కేసులు చూసే కొందరు న్యాయవాదులు, విశాఖపట్నం