జూలై 8: ముందు పేరు సరిగ్గా రాద్దాం

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల 8న ఉదయం ప్రార్థన వేళ సిపాయి మరుప్రోలు జశ్వంత్‌కుమార్ రెడ్డిని మన బడిలో స్మరించుకుంటున్నాం. 2021లో సరిగ్గా అదే తేదీన, జమ్మూకశ్మీర్‌లోని రాజౌరి జిల్లా సుందర్‌బనీ సెక్టార్‌లో ఉగ్రవాదులతో జరిగిన ఎదురుకాల్పుల్లో ఆయన నేలకొరిగారు. అప్పటికి ఆయన వయసు 23. మన పక్కనే ఉన్న బాపట్ల ప్రాంతం కుర్రాడు. అదే పోరులో కేరళకు చెందిన నాయబ్ సుబేదార్ ఎం. శ్రీజిత్ కూడా ప్రాణాలు విడిచారు. ఇద్దరూ మద్రాస్ రెజిమెంట్ 17వ బెటాలియన్ వారే. 2022 గణతంత్ర దినోత్సవం సందర్భంగా ఇద్దరికీ మరణానంతరం శౌర్యచక్ర ప్రకటించారు. అందుకే వేదిక మీద రెండు ఫోటోలు పెడతాం. మనవాడు ఒక్కడే కదా అని రెండో ఆయన్ని వదిలేయడం బాగుండదు.

పిల్లలు ఇంట్లో పోస్టర్లు, వ్యాసాలు మొదలుపెట్టారు. వాటిలో దొర్లే తప్పులు దాదాపు అందరివీ ఒకటే. అవి దిద్దడానికి మీ సాయం కావాలి కాబట్టి ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

మొదట పేరు. పత్రికలు ఎక్కువగా ‘జశ్వంత్‌రెడ్డి’ అని రాశాయి. పురస్కారాల జాబితాలో ఉన్నది పూర్తి పేరు, మనమూ అదే రాద్దాం. పేరు ముందు ‘జవాన్’ అని పెడుతున్నారు. జవాన్ అన్నది సైనికుణ్ణి ఆప్యాయంగా పిలిచే మాటే తప్ప హోదా కాదు. ఆయన హోదా సిపాయి. నాయబ్ సుబేదార్ అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల వరసలో మొదటి మెట్టు, దాన్ని కుదించి ‘సుబేదార్’ అని రాస్తే వేరే హోదా అయిపోతుంది. ఇక జిల్లా. 2021లో బాపట్ల గుంటూరు జిల్లాలోనే ఉండేది, 2022 ఏప్రిల్ 4న విడి జిల్లా అయింది. పాత వార్తలో ఒకటి, కొత్త వార్తలో ఇంకొకటి చూసి పిల్లలు తికమకపడుతున్నారు. ‘బాపట్ల, నాటి గుంటూరు జిల్లా’ అని రాస్తే సరిపోతుంది. ‘మద్రాస్’ అన్న మాట చూసి తమిళనాడు సైన్యమా అని అడిగిన పిల్లలున్నారు. ఈ రెజిమెంట్‌కు మూలం 1758 నాటిది, శిక్షణ కేంద్రం నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది, తెలుగు, తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్లందరూ అందులో చేరతారు. దాని నినాదం భగవద్గీత మూడో అధ్యాయంలోనిది: స్వధర్మే నిధనం శ్రేయః, అంటే తన ధర్మం నెరవేరుస్తూ చనిపోయినా మేలే. తొమ్మిదో తరగతి వాళ్లు పోస్టర్ కింద ఈ వాక్యం రాస్తామన్నారు, రాయనివ్వండి. విసర్గ మాత్రం మరిచిపోకుండా చూడండి.

పతకం దగ్గర అసలు గందరగోళం మొదలవుతుంది. మన దేశంలో శౌర్య పురస్కారాలు రెండు వరసలు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర ఒక వరస. ఇవి శత్రువు ఎదుట చూపిన పరాక్రమానికి ఇచ్చేవి. వీటిని 1950 జనవరి 26న నెలకొల్పి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తింపజేశారు. అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర రెండో వరస, శత్రువుతో యుద్ధం కాని సందర్భాల్లో చూపిన సాహసానికి. ఇవి 1952లో మూడు తరగతుల అశోక చక్రలుగా మొదలై, 1967లో ఇప్పుడున్న పేర్లు తెచ్చుకున్నాయి. ఉగ్రవాదులతో పోరు సాధారణంగా ఈ రెండో వరస కిందికి వస్తుంది. మన తెలుగువాళ్లలోనే తేడా చూపించవచ్చు. 2020 జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో తలపడి కన్నుమూసిన సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబుకు మహావీర చక్ర వచ్చింది. సుందర్‌బనీలో ఉగ్రవాదులతో పోరాడిన జశ్వంత్‌కుమార్ రెడ్డికి శౌర్య చక్ర వచ్చింది. తెగింపులో ఎక్కువ తక్కువలు కొలిచి వరసలు వేరు చేయలేదు, ఎదుట ఉన్నది ఎవరన్నదాన్ని బట్టి వేరయ్యాయి. ‘మన అబ్బాయికి చిన్న పతకమే ఇచ్చారా’ అని పిల్లవాడు అడిగితే ఇలా చెప్పండి.

బొమ్మ వేసేవాళ్ల కోసం ఆకారం, రంగులు. శౌర్య చక్ర గుండ్రటి కంచు పతకం, మధ్యలో అశోక చక్రం, చుట్టూ తామరపూల దండ. రిబ్బను ఆకుపచ్చ, నిలువుగా మూడు కాషాయ గీతలు. కీర్తి చక్ర వెండి, రిబ్బను మీద రెండు గీతలు. అశోక చక్రకు బంగారు పూత, ఒకే గీత. అంటే గీతలు పెరిగినకొద్దీ పతకం స్థాయి దిగుతుంది, పిల్లలు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. అన్నిటికన్నా పైనున్న పరమవీర చక్ర కూడా కంచుదే, ఊదారంగు రిబ్బనుతో ఉంటుంది. కంచు కనబడగానే మూడో బహుమతి అనుకోవడం ఆటల పోటీల అలవాటు. గూగుల్‌లో మొదట కనబడిన బొమ్మ చూసి వేయవద్దు. రక్షణ శాఖ నడిపే గ్యాలంట్రీ అవార్డ్స్ పోర్టల్‌లో ఒక్కో పతకం బొమ్మా, ఒక్కో సైనికుడి వివరమూ ఉన్నాయి. శౌర్య పురస్కారాలు పొందిన వీరుల మీద బడిపిల్లల కోసం 2021లో మొదలైన వీర్ గాథా పోటీకి రాసే పిల్లలకు కూడా అదే ఆధారం.

వ్యాసాల్లో మేము ఎర్ర సిరాతో కొట్టేసే మాట ఒక్కటే. కల్పించిన ‘చివరి మాటలు’. ఆయన అన్నట్టు ఎక్కడా నమోదు కాని మాటను ఆయన నోట పెట్టడం తప్పు, ఎంత ఉదాత్తమైన మాటైనా సరే. అమ్మకు రాసినట్టు ఊహించే ఉత్తరాలు కూడా వద్దు. కుటుంబం మన పక్క జిల్లాలోనే ఉంది, ఆ కాగితం వాళ్ల చేతికి చేరదని చెప్పలేం. ‘అమరవీరుడు’ అని రాయవచ్చా అని కొందరు అడిగారు. ఆంగ్లంలోని ‘మార్టర్’ అధికారిక పదం కాదని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది, 2022లో సైన్యం కూడా ఆ మాట వాడవద్దని సూచించింది. తెలుగులో మన వాడుక వేరు, వ్యాసంలో రాసుకోవచ్చు. వేదిక మీది పలక మీద మాత్రం హోదా, పేరు, బెటాలియన్, శౌర్య చక్ర, మరణానంతరం, తేదీ. అంతే. ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ఉంది. అక్కడి త్యాగ చక్రంలో వేల పేర్లు గ్రానైట్ పలకల మీద చెక్కి ఉన్నాయి, పేరు పక్కన ఒక్క విశేషణం కూడా లేదు.

ఇక ఆ రోజు ఏర్పాట్లు. పిల్లలు 8.30 కల్లా తెల్ల యూనిఫాంలో రావాలి. టిఫిన్ తప్పకుండా పెట్టి పంపండి. జూలై ఉక్కలో ఖాళీ కడుపుతో కదలకుండా నిలబడితే కళ్లు తిరుగుతాయి, అదీ ఎక్కువగా ఆరు, ఏడు తరగతుల వాళ్లకు. సావధాన్‌లో మోకాళ్లు బిగబట్టి నిలుచుంటే కాళ్లలో రక్తం నిలిచిపోతుంది, కాలివేళ్లు కదుపుతూ ఉండమని మేమూ చెబుతాం. వాన పడితే కార్యక్రమం పై అంతస్తు వరండాలో.

రెండు ఫోటోలు, ఒకటే పుష్పచక్రం. దయచేసి విడివిడిగా బొకేలు పంపకండి, రెండువందల బొకేల మధ్య ఫోటోలు కనబడవు. వెదురు చట్రం మీద అడుగున్నర వ్యాసంతో బంతిపూలు కట్టిస్తున్నాం. ముందురోజు రాత్రే కట్టి ప్లాస్టిక్ కవర్లో పెడితే పూలు చెమర్చి తెల్లారేసరికి నల్లబడతాయి, అందుకని పొద్దున్నే కట్టించి తడిగుడ్డ కప్పి తెస్తారు. ఫోటోలు 12×18 అంగుళాలు. ఆ సైజుకు కనీసం 1800×2700 పిక్సెళ్ల ఫైలు కావాలి. వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటో ప్రతిసారీ కొంత కుంచించుకుపోతుంది, పెద్దది చేస్తే ముఖమే చెదిరిపోతుంది. మీలో ఎవరి దగ్గరైనా స్పష్టమైన ఫైలు ఉంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటోగా కాదు.

క్రమం ఇది: పుష్పచక్రం ఉంచడం, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ (సైనిక వీడ్కోలు రాగం), రెండు నిమిషాల మౌనం, రౌజ్ (మేలుకొలుపు రాగం), ఇద్దరి వివరాలు చదవడం, జనగణమన. మౌనం ముగిసిందని పిల్లలకు తెలిపేది రౌజ్. అది లేకపోతే ఎవరో ఒకరు ముందే చప్పట్లు మొదలుపెడతారు, తక్కినవాళ్లు అందుకుంటారు. చప్పట్లు ఏ ఘట్టంలోనూ వద్దు. సినిమా పాటలు, నృత్యాలు ఈసారి లేవు, వాటికి ఆగస్టు 15 ఉంది. సెల్యూట్ యూనిఫాంలో ఉన్న ఎన్‌సీసీ కేడెట్లే చేస్తారు, మిగతావాళ్లు సావధాన్‌లో ఉంటే చాలు. చిన్నపిల్లలకు సైనిక దుస్తులు అద్దెకు తెచ్చి, ఛాతీ మీద ఆట పతకాలు గుచ్చి పంపకండి. ఆ పతకం కోసం ఒకరు ప్రాణం ఇచ్చిన రోజది.

జెండాను సగానికి దించరా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. దించం. సగం దించడం ప్రభుత్వ ఆదేశం మేరకే జరగాలి, బడి సొంతంగా చేయకూడదు. ఫోటోకు జెండా చుట్టడం, బల్ల మీద పరచడం కూడా ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. సైనిక లాంఛనాల అంత్యక్రియల్లో మాత్రం శవపేటిక మీద కప్పుతారు, కాషాయం తలవైపు ఉండేట్టు. దాన్ని చితిలోకిగానీ గోతిలోకిగానీ పోనివ్వరు. 1921లో పింగళి వెంకయ్య జెండా నమూనాను గాంధీజీకి చూపింది మన బెజవాడలోనే కదా, ఇక్కడి పిల్లలు ఈ పాటి నియమం తెలుసుకోవాలి.

ఐదో తరగతి లోపు వాళ్లకు ఎదురుకాల్పుల వీడియోలు ఇంట్లోనూ చూపించవద్దు. ‘మనల్ని కాపాడే పనిలో చనిపోయారు’ అంటే వాళ్లకు చాలు. తండ్రి సైన్యంలో ఉన్న పిల్లలు మన బడిలోనూ ఉండవచ్చు. ‘మీ నాన్న కూడా అక్కడేనా’ అని తోటిపిల్లలు అడగకుండా ముందే చెప్పి ఉంచండి. టీచర్లకూ చెప్పాం.

ఈ కార్యక్రమానికి ఎవరి దగ్గరా డబ్బు వసూలు చేయడం లేదు. సైనిక కుటుంబాల పేరిట క్యూఆర్ కోడ్ పంపి చందా అడిగితే, బడి పేరు చెప్పినా సరే, కట్టకండి. ఇవ్వాలనుకునేవాళ్లు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో గానీ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో గానీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవానికి మనం ఎలాగూ జెండా స్టిక్కర్లు తెప్పిస్తాం.

పోస్టర్లు 6వ తేదీ సాయంత్రంలోగా, వ్యాసాలు 12లోగా క్లాస్ టీచర్‌కు అందాలి. పోస్టర్ చార్ట్ మీద పిల్లవాడి పేరు వెనకవైపు రాయించండి, ముందువైపు వద్దు.

మీ
ప్రధానోపాధ్యాయులు
గుంటూరు