నడుముకి వరద కట్టుకున్న పిల్లని వింత మనిషిని చేశారు

సంపాదకులు గారికి నమస్కారం అండి,

వరద ఎలా ఉంటుందో నడుముకి తెలిపే బెల్టుతో ఒక అమ్మాయి పెట్టిన ఎగ్జిబిషన్ మీద, పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త గురించి రాస్తున్నాను. అప్పుడే రాయాల్సింది, మనవరాలిని చెవి మిషను సర్దించే మ్యాపింగ్‌కి వైజాగ్ తీసుకెళ్ళి వచ్చేసరికి ఇన్నాళ్ళయింది, కోపం మాత్రం అలాగే ఉంది. "నడుముకి మిషను కట్టుకుని యువతి వింత చేష్టలు" అని హెడ్డింగు, పక్కన ఆ పిల్ల కళ్ళు మూసుకుని నిలబడ్డ ఫోటో, కింద పది లైన్లు. అందులో సగం హాలు ఎందుకు ఖాళీ చేయించారో ఆఫీసరు గారు చెప్పిన మాటలే. ఆ పిల్ల అసలు ఏం చేసిందో ఒక్క ముక్క లేదు. రాసినాయన లోపలికొచ్చి ఆ బెల్టు కట్టుకుని చూసి ఉంటే ఆ హెడ్డింగు పెట్టేవాడు కాదు.

నేను కట్టుకున్నానండి. ఆ అమ్మాయిది గోదావరి మధ్య లంక ఊరు, ఫైన్ ఆర్ట్స్ చదివింది. వాళ్ళ తాత కట్టిన పాత నీరుకావి పంచె చింపి బెల్టు కుట్టింది. లోపల సెల్‌ఫోన్లో వైబ్రేషన్ ఇచ్చే చిన్న మోటార్లు వరసగా పెట్టింది, వాటికింద బీపీ చూసేటప్పుడు చేతికి చుడతారే, అలాంటి గాలి పట్టీ. 2022 జులై వరదకి ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు ఎలా పెరిగాయో ఆ లెక్కలన్నీ అందులోకి ఎక్కించింది. అన్ని రోజుల వరద అరగంటలో మన నడుము మీదుగా పోతుంది. 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక కదా, అక్కడ బొడ్డు దగ్గర సన్నగా వణుకు మొదలవుతుంది. 13 లక్షలకి రెండో హెచ్చరిక, వణుకు రెండు పక్కలకీ పాకుతుంది. 17 దాటి మూడోది వచ్చాక పట్టీలో గాలి నిండి బిగుసుకుంటుంది, ఊపిరి పైపైనే తీసుకోవాలి. ఆ ఏడు 25 లక్షలు దాటింది, మీ పేపర్లోనే రాశారు. ఎంతసేపటికీ ఆ బిగింపు వదలదండి. ఇంక తగ్గుతుందేమో అనుకుంటే తగ్గదు.

నాకు 1986 ఆగస్టు గుర్తొచ్చింది. అప్పుడు 35 లక్షలు దాటింది. మా అమ్మ ఏటిగట్టు మీద వానలో ఒక చేత్తో గేదె పలుపు, ఇంకో చంకన మా అన్నయ్య కొడుకు, తెల్లారేదాకా కూర్చోకుండా నిలబడింది. కూర్చుంటే నిద్రొస్తుందని భయం. నేను ముప్పై ఏళ్ళు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిగా చేశాను. వరద బొమ్మ వెయ్యండ్రా అంటే పిల్లలు నీలం రంగు పూసి, కొబ్బరిచెట్టు తల ఒకటి, పడవ ఒకటి వేసేవాళ్ళు, నేను దానికే పదికి ఎనిమిది మార్కులు వేసేవాణ్ణి. వరద అంటే నడుము దగ్గర మొదలయ్యే భయం అని ఒక్క బొమ్మలోనూ నేను చూపించలేకపోయాను. ఆ పిల్ల చూపించింది.

ఇక మీ వార్తలో "విదేశీ పిచ్చి" అన్న మాట ఒకటి. విదేశాల్లో ఈ పని చేసినవాళ్ళు ఏం చేశారో తెలుసుకుని రాసుంటే బాగుండేది. స్టెలార్క్ అనే ఆస్ట్రేలియా కళాకారుడు 1980లోనే కుడిచేతికి మూడో చెయ్యి తగిలించుకున్నాడు, మరబొమ్మ చెయ్యి, అది పొట్ట కండరాలు కాలి కండరాల్లో పుట్టే కరెంటు సంకేతాలతో కదిలేది. నీల్ హార్బిసన్ అనే ఆయనకి పుట్టుకతోనే రంగులు కనపడవు, పుర్రె ఎముకకి ఒక యాంటెనా బిగించుకున్నాడు, రంగులు ఆయనకి ఎముకలో శబ్దాలుగా వినపడతాయి. మూన్ రీబాస్ అనే డ్యాన్సరు ఒంట్లో సెన్సర్లు పెట్టించుకుని కొన్నేళ్ళు ఉంచుకుంది, ప్రపంచంలో ఎక్కడ భూమి కంపించినా ఆమెకి తెలిసేది, కంపించినప్పుడే స్టేజి మీద కదిలేది, లేకపోతే అలా నిలబడిపోయేది. అన్నీ నాకు నచ్చాయని కాదు. స్టెలార్క్ తర్వాత ముంజేతి మీద చెవి ఆకారం పెరిగేలా ఆపరేషన్లు చేయించుకున్నాడు, ఆ ఫోటో నేను చూడలేకపోయాను. కానీ మనిషి ఒళ్ళు ఎక్కడ ఆగుతుంది, మిషను ఎక్కడ మొదలవుతుంది అని వాళ్ళు అడుగుతున్నారు. అది పిచ్చి ఎలా అవుతుందండి?

ఆ ప్రశ్న మా ఇంట్లోనే తిరుగుతోంది. నా మనవరాలికి తొమ్మిదేళ్ళు, పుట్టుకతో వినపడదు. కాక్లియర్ ఇంప్లాంట్ వేశారు. చెవి వెనక ప్రాసెసరు, జుట్టులో అయస్కాంతంతో అతుక్కునే కాయిల్, లోపల ఎలక్ట్రోడ్లు. శబ్దం కరెంటుగా మారి నేరుగా నరానికి పోతుంది. స్విచ్ ఆన్ చేసి ఇంటికి తెచ్చిన రోజు కుక్కర్ విజిల్‌కి అదిరిపడి వాళ్ళమ్మ కొంగులో దూరింది. పోయినేడు కాయిల్ వైరు తెగితే కొత్తది రావడానికి మూడు వారాలు పట్టింది, ఆఫీసు చుట్టూ తిరిగాం, మూడు వారాలూ పిల్ల బడికి పోలేదు. ఆ మిషను దాని ఒంట్లో భాగం అని ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి తట్టలేదు, ఏదో చార్జరు పోయినట్టు మాట్లాడారు. ఎగ్జిబిషన్‌కి నాతో వచ్చింది నా మనవరాలే. ప్రాసెసరు తీసి నా చేతిలో పెట్టి, బెల్టు కట్టించుకుని, అరగంట కదల్లేదు. విప్పాక "తాతయ్యా, ఇదీ నా మిషన్ లాంటిదే, దీంతో నీళ్ళు వినపడతాయి" అంది. బెల్టు చేసిన అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మీ ఫోటోగ్రాఫరు అప్పటికే వెళ్ళిపోయాడు.

అయిదు రోజులకి డబ్బు కట్టిన హాలు రెండో రోజు సాయంత్రం ఖాళీ చేయించారు. వరదల సీజన్లో జనం భయపడతారట, అయినా ఇది సైన్స్ ఫెయిర్‌లో పెట్టుకోవాల్సింది కళ ఎలా అవుతుందట. మర్నాడు అదే హాల్లో చీరల సేల్ పెట్టారు. జనం భయపడేది బెల్టుకి కాదండి, గండి పడ్డ గట్టు వేసంగిలో పూడ్చకుండా వదిలేస్తే భయపడతారు, ఏరు దాటించే పంటు ఎప్పుడు ఆపుతారో చెప్పకపోతే భయపడతారు.

ఇదే గోదావరి ఒడ్డున ఒకప్పుడు అధికారులు ఎలా ఉండేవారో రాజమండ్రిలో దామెర్ల రామారావు బొమ్మలు చూస్తే తెలుస్తుంది. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చెయ్యి గుర్తుపట్టి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి వెళ్ళేలా చేశాడు. పరాయి దేశపువాడు, ఆయనకేం అవసరం? రామారావు గారు 1925లో మసూచికంతో పోయేనాటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు, ఆ కాస్త కాలంలోనే అన్ని బొమ్మలు మనకి మిగిలాయి. ఇప్పుడు కుర్రాళ్ళ చెయ్యి గుర్తుపట్టేవాళ్ళు ఎవరున్నారు? నేను రిటైరయ్యాక మా బడిలో డ్రాయింగ్ మాస్టారు పోస్టు నింపలేదు, ఆ పీరియడ్ లెక్కలకి ఇచ్చేశారు.

మిగిలిన మూడు రోజులకి ఆ అమ్మాయికి హాలు ఇప్పించమని మీరు రాయాలి, లేకపోతే కట్టిన డబ్బన్నా వెనక్కి ఇప్పించాలి. హాలు ఇవ్వకపోతే మా ఇంటి అరుగు ఉంది, వచ్చి పెట్టుకోమని చెప్పాను. మీ విలేకరిని మళ్ళీ పంపించండి. బెల్టు కట్టుకుని అరగంట, 17 లక్షలు దాటేదాకా నిలబడమనండి. ఆ తర్వాత ఏం హెడ్డింగు పెడతాడో ఆయన ఇష్టం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
కోనసీమ