చవితి మర్నాటి నుంచి పన్నెండు రోజులు నేను షాపులో ఉండను

పోయిన వారం ఉదయం సరిగ్గా ఎనిమిదింటికి మావారు ఫోన్ పట్టుకుని కూర్చుని రైలు టికెట్లు తీశారు. ఇప్పుడు అరవై రోజుల ముందే కదా రిజర్వేషన్ ఇస్తున్నది, ఆలస్యమైతే దొరకవని టెన్షన్. మావారు, మా ఆడపడుచు, నేను. ముందు ఢిల్లీ, అక్కణ్ణుంచి హరిద్వార్. వినాయక చవితి మర్నాడు బయలుదేరి, కేదార్‌నాథ్, బద్రీనాథ్ చూసుకుని, పౌర్ణమి దాటగానే విజయవాడ సింగ్‌నగర్‌లో మన కుట్టు షాపులో ఉంటాను. పద్నాలుగేళ్లుగా ఈ షాపు నడుపుతున్నాను. వరదప్పుడు తప్ప ఇన్ని రోజులు మిషన్ ముందు కూర్చోకుండా ఎప్పుడూ లేను. అందుకే అంతా ముందే చెప్పేస్తున్నాను.

మొదట మీ బట్టల సంగతి. శ్రావణ శుక్రవారాలకి, వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు ఎప్పటిలాగే కుడతాను. కాకపోతే ఈసారి రోజుకి ఆరు కంటే ఎక్కువ ఒప్పుకోను. పోయినేడాది ఎవరినీ కాదనలేక వచ్చినవన్నీ తీసుకున్నాను. వ్రతం ముందురోజు రాత్రి రెండింటిదాకా కుట్టినా ముగ్గురికి అందించలేకపోయాను. వాళ్లలో ఒకరిది పెళ్లయ్యాక మొదటి వ్రతం. కొత్త పట్టుచీర మీదికి వేరే రంగు జాకెట్ వేసుకుని పూజలో కూర్చుంది ఆ అమ్మాయి. వాళ్లమ్మగారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే నాకు ఇప్పటికీ బాధ. అందుకని పుస్తకంలో ఆ రోజు లెక్క నిండిందంటే మర్నాటికి రాసుకుంటాను, దయచేసి ఏమీ అనుకోవద్దు.

దసరాకి కుట్టించుకునేవాళ్లు చవితికి వారం ముందే బట్ట, ఆది జాకెట్ ఇచ్చేయండి. లైనింగ్ తడిపి ఆరబెట్టి, కటింగ్ చేసి, పేరు రాసి మూట కట్టి పెట్టి వెళ్తాను. పౌర్ణమికి తిరిగొస్తే నవరాత్రులు మొదలవడానికి ఇంకా రెండు వారాలుంటుంది. ఆ రెండు వారాలూ కుట్టడమే పని. మగ్గం వర్క్ కావాల్సినవాళ్లు మాత్రం శ్రావణం అయ్యేలోపే రావాలి, అది నేను బయటికి పంపి చేయించేది. నేను లేని రోజుల్లో మా దగ్గర పనిచేసే అమ్మాయి సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా షాపు తీస్తుంది. ఫాల్, పీకో, ఊడిన హుక్కులు, ఇంతే. కటింగ్ తన చేత చేయించకండి. తనకి రాక కాదు, మీ కొలతలు నా చేతికి అలవాటు కాబట్టి. కుట్టుకూలి ఈ సంవత్సరం పెంచడం లేదు. ప్రయాణం ఖర్చు మీ జాకెట్ల మీద వేయడం నాకు ఇష్టం లేదు.

భాద్రపదంలోనే ఎందుకంటే, అప్పుడు పెళ్లి ముహూర్తాలుండవు, షాపులో పని పలచబడుతుంది. ఆషాఢంలోనూ పని తక్కువే కానీ అప్పుడు అక్కడ కొండల్లో వానలు, విరిగిపడే చరియలు. కేదార్‌నాథ్ గుడి తలుపులు అక్షయ తృతీయ ప్రాంతంలో తీసి, దీపావళి వెళ్లాక భగినీ హస్త భోజనం రోజున మూసేస్తారు. ఈ మధ్యలో మాలాంటి వాళ్లకి కుదిరేది ఆ పన్నెండు రోజులే.

నిజానికి 2024లోనే వెళ్లాల్సింది. అప్పుడూ చవితి అయ్యాకే అనుకున్నాం. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగింది. మన పేటలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, ఎన్నడూ చూడనంత నీరు. ఇటు షాపులో నా ఛాతీ దాకా నీళ్లు. ఓవర్‌లాక్ మిషన్, పీకో మిషన్, రెండు మోటార్లు, అలమారలో మీ బట్టలు నలభై మూడు మూటలు, అన్నీ బురదలో. వారం దాటాక గానీ లోపలికి అడుగు పెట్టలేకపోయాను. యాత్రకని దాచిన డబ్బు మిషన్లకీ, పాడైన బట్టలకీ సరిపోయింది. అందులో పదకొండు మంది మీరు, నేనిచ్చిన డబ్బు తీసుకోలేదు. "మా ఇల్లూ మునిగింది, నీ షాపూ మునిగింది, ఇక లెక్కలేంటి" అన్నారొకరు. ఆ పదకొండు పేర్లూ నా పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. అక్కడ గుళ్లో మీ గోత్రనామాలు చెప్పించాలనుంది, వచ్చినప్పుడు మీ గోత్రం చెప్పి వెళ్లండి.

కేదార్‌నాథే ఎందుకని మా అత్తగారు అడిగారు. 2013 జూన్‌లో పైనున్న చోరాబారి చెరువు తెగి ఆ ఊరంతా కొట్టుకుపోవడం టీవీలో చూశాను. పైనుంచి దొర్లుకొచ్చిన పెద్ద బండ ఒకటి సరిగ్గా గుడి వెనక ఆగిందనీ, వరద అక్కడ రెండుగా చీలి గుడికి అటూ ఇటూ పోయిందనీ చెప్పారు. భీమశిల అంటారు దాన్ని. అప్పుడు ఆశ్చర్యపోయి ఊరుకున్నాను. నా షాపు మునిగాక ఆ బండ ఎన్నిసార్లు గుర్తొచ్చిందో! దాన్ని ఒక్కసారి చేత్తో తాకి రావాలి.

గౌరీకుండ్ నుంచి గుడి దాకా నడక దాదాపు 16 కిలోమీటర్లు, అదీ ఎక్కుడే. గుడి ఉన్నది 3,583 మీటర్ల ఎత్తున. నాది పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని చేసే పని. అందుకే నాలుగు నెలలుగా నేనూ మావారూ తెల్లవారుజామున ఐదింటికి బండి మీద బ్యారేజీకి వెళ్తున్నాం. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. అటూ ఇటూ కలిపి పదమూడు సార్లు దాటితే కేదార్‌నాథ్ దారంత అవుతుందని మా అబ్బాయి లెక్కేసి చెప్పాడు. మొదట్లో రెండుసార్లు దాటేసరికి పిక్కలు పట్టేసేవి, ఇప్పుడు ఆరు దాకా వచ్చాం. కానీ అది చదును నేల. అందుకే శుక్రవారాలు ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతున్నాను. ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్లను దాటుకుంటూ వెళ్లాలంటే ఎటూ నెమ్మదిగానే వెళ్తాం, ఆయాసం రాకుండా ఎక్కడం అలా అలవాటైంది. అర్జునుడు శివుడి కోసం తపస్సు చేసింది ఈ కొండ మీదే అంటారు. యుద్ధమయ్యాక పాండవులు శివుణ్ణి వెతుక్కుంటూ వెళ్లింది కేదారానికి. దారి ఇక్కడే మొదలైనట్టు అనిపిస్తుంది నాకు.

మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా షాపులో గిరాకీ ఉండదు. ఆ వేళ బొంత కుడుతున్నాను. మా అమ్మ పాత నూలు చీరలు మూడు పొరలు వేసి గండుసూదితో కుట్టేది. నేను పై పొరకి మీ జాకెట్ల కటింగ్‌లో మిగిలిన ముక్కలు వాడుతున్నాను. నాలుగంగుళాల చదరాలు, వరసకి పన్నెండు చొప్పున పదిహేను వరసలు. మంగళగిరి నూలు కుట్టడానికి హాయిగా ఉంటుంది, సూది దానంతటదే దిగుతుంది. పట్టు ముక్కలు జారిపోతాయి, ముందు కచ్చా వేసుకోవాలి. జరీ ఉంటే అంచు లోపలికి మడవాలి, లేకపోతే ఒంటికి గీసుకుంటుంది. పది వరసలు అయ్యాయి. మీ బట్ట ముక్క ఇందులో వద్దనుకుంటే నిర్మొహమాటంగా చెప్పండి, తీసి ఇచ్చేస్తాను. రైల్లో కప్పుకోవడానికీ, పైన గుప్తకాశీలో రాత్రి చలికీ ఇదే తీసుకెళ్తున్నాను.

ఆరో వరస మధ్యలో ఒక ఆకుపచ్చ పట్టు ముక్క ఉంది. వరదలో తడిసిన నలభై మూడింటిలో ఒకటి. ఎన్నిసార్లు ఉతికినా అడ్డంగా ఒక సన్నని మట్టి గీత పోలేదు, నీళ్లు అక్కడిదాకా వచ్చి ఆగాయన్నమాట. దాని సొంతదారు చూసి "ఉంచుకో అమ్మా, నీ దగ్గరే ఉండనీ" అంది. ఆ గీతని మడతలోకి పోనివ్వకుండా, పైకి కనపడేలాగే కుట్టాను. జాకెట్ ఇవ్వడానికి వచ్చినప్పుడు అడగండి, చూపిస్తాను.