మా మారుతి 800ని దారిలో పెట్టినవాళ్ళకు కృతజ్ఞతలు

నాన్నగారి కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజన్‌కి అందించే భాగం) ఉన్న పాత మారుతి 800 మళ్ళీ నిలకడగా నడుస్తోంది. పాలకొల్లు మేస్త్రి గారికి, వ్యాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చేటప్పుడు పుట్టే లాగుడు) పైపుల బొమ్మ పంపిన కాకినాడ అన్నయ్యకి, పాత ఇంజన్ మీద నుంచి పనికొచ్చే ముక్కలు విప్పి ఇచ్చిన రావులపాలెం తమ్ముడికి అందరి ముందూ దణ్ణం పెట్టి చెప్పుకుందామనే ఈ పోస్టు. పేర్లు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు.

బండికి ఉన్న గ్యాస్ కిట్టు చాలాకాలంగా వాడటం లేదు. ఏసీ కంప్రెసర్ మా రాజోలు ఉప్పుగాలికి తుప్పెక్కి బిగుసుకుపోయింది. రెండూ ఉత్త బరువే కదా అని ఒక షెడ్డులో తీయించాం. అప్పటి నుంచి ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడటం) నిలబడలేదు. ఆర్‌పీఎం ఎక్కుతూ దిగుతూ ఉండేది, ఎక్కడైనా ఆపితే బండి ఆఫ్. మనవైపు ఎత్తంటే వంతెనే కాబట్టి దిండి-చించినాడ వంతెన మీదే అసలు సంగతి బయటపడేది. సగం ఎక్కేసరికి దమ్ము లేక ఈడ్చుకుంటూ వెళ్ళేది. బ్రేక్ పెడల్ కూడా గట్టిపడింది. నాన్నగారు నడిపేటప్పుడు ఇంట్లో అందరికీ టెన్షనే. కార్బ్యురేటర్ మార్చేయమని చెప్పినవాళ్ళే ఎక్కువ.

మేస్త్రి గారు మాత్రం స్పానర్ ముట్టుకోలేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచి బానెట్ కింద చెవిపెట్టి విన్నారు. ఫ్యాన్ చప్పుడు వెనకాల సన్నగా 'స్‌స్' అని వినిపిస్తోంది. తర్వాత వ్యాక్యూమ్ గేజి తగిలిస్తే ముల్లు 13 దగ్గర ఊగుతోంది. బాగున్న పెట్రోల్ ఇంజన్ ఐడిలింగ్‌లో సుమారు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) దాకా చూపించి కదలకుండా నిలబడాలి. ఎత్తైన ఊళ్ళలో ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు ఒక అంగుళం తగ్గుతుందట. "మనం సముద్రం పక్కనున్నాం బాబూ, మనకా సాకు కూడా లేదు" అన్నారాయన.

అక్కడి నుంచి పైపులు ఒక్కొక్కటే ప్లయర్‌తో మెల్లగా నొక్కుతూ వచ్చారు. దేన్ని నొక్కినప్పుడు ఇంజన్ చప్పుడు మారితే అనుమానం దాని మీద. మా గ్యాస్ కిట్టు రెడ్యూసర్ (గ్యాస్ ఒత్తిడి తగ్గించే భాగం) వ్యాక్యూమ్‌తో తెరుచుకునే రకం. షెడ్డువాళ్ళు రెడ్యూసర్ తీసేశారు గానీ, దానికోసం పైపు కోసి మధ్యలో పెట్టిన మూడు మూతుల 'టీ' అలాగే ఉంది. తెరిచి ఉన్న మూతిలో స్క్రూ దూర్చారు. ఇక ఏసీ వేసినప్పుడు ఐడిలింగ్ పెంచే డయాఫ్రమ్‌కి (వ్యాక్యూమ్‌తో కదిలే రబ్బరు పొరకి) వెళ్ళే పైపుని మడిచి బైండింగ్ వైరుతో కట్టేశారు. మేస్త్రి గారు ఆ వైరు విప్పి మడత తెరిచి నాకు చూపించారు. మడత పడ్డచోట రబ్బరు అడ్డంగా చీలి, లోపలి నూలు పోగులు కనిపిస్తున్నాయి. లెక్కలో లేని గాలి అందులోంచి లోపలికి పోతుంటే పెట్రోల్ వాటా తగ్గిపోతోంది. పైగా పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి అందేదీ ఇదే మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్ళే గొట్టం) వ్యాక్యూమ్. పెడల్ ఎందుకు గట్టిపడిందో అప్పుడర్థమైంది.

నాకు బాగా నచ్చింది ఆయన పద్ధతి. ప్రతి పైపూ ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతోందో తెలిశాకే చెయ్యి వేస్తారు. 'టీ' పీకేసి, కోసిన పైపు స్థానంలో ఒకే కొత్త ముక్క వేశారు. ఏసీ పైపుని మానిఫోల్డ్ నాజిల్ దాకా తీసేసి, ఆ నాజిల్‌కే రబ్బరు డమ్మీ (మూత) తొడిగి క్లిప్పు వేశారు. పైపు చివర మూస్తే చాలదా అని అడిగాను. మిగిలిన ఆ పైపు కూడా ఎండిపోయి ఏదో ఒకరోజు చీలేదే కదా అన్నారు. నిజమే.

డమ్మీ పెట్టకూడనివీ ఉన్నాయి, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. బ్రేక్ బూస్టర్‌కి పోయే లావు పైపుని, అందులోని వన్‌వే వాల్వుని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. పీసీవీ పైపు (ఇంజన్ అడుగున చేరే ఆవిరిని మళ్ళీ ఇంజన్‌లోకి లాగే పైపు) మూస్తే క్రాంక్‌కేసులో, అంటే ఆ అడుగు భాగంలో, ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ళు కారడం మొదలవుతుంది. ఎక్కడో పైపు మిగిలిందని దొరికిన నాజిల్‌కి తగిలించడమూ ప్రమాదమే. మా డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్ పైపు (స్పార్క్ పడే సమయాన్ని ముందుకు జరిపేది) అలాగే మారిపోయి ఉందని అన్నయ్య పంపిన బొమ్మ చూశాకే తెలిసింది. కార్బ్యురేటర్‌లో గాలిదారి తెరిచి మూసే త్రాటిల్ పలకకి పైనున్న నాజిల్‌లో ఐడిలింగప్పుడు వ్యాక్యూమ్ ఉండదు, యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంది. కిందున్న దానిలో ఐడిలింగప్పుడే ఎక్కువ. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి, పని మాత్రం వేరు. అన్నయ్యా, రాత్రి పూట కూర్చుని చేత్తో గీసి, బాణం గుర్తులు పెట్టి పంపావు. ఆ బొమ్మ లేకపోతే ఇంకా ట్యూనింగ్ స్క్రూలే తిప్పుతూ ఉండేవాళ్ళం.

ఇప్పుడు గేజి ముల్లు 19 దగ్గర స్థిరంగా ఉంది. వంతెన థర్డ్ గేరులోనే ఎక్కేస్తోంది. మేస్త్రి గారు పైపుల ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు. ఎంత బతిమాలినా, నాన్నగారితో కాఫీ తాగితే చాలన్నారు. తమ్ముడు వేడి తగలని పాత నాజిళ్ళు, క్లిప్పులు ఏరి మరీ ఇచ్చాడు. ఈ బండికి అవి దొరకడం ఈ రోజుల్లో ఎంత కష్టమో వెతికినవాళ్ళకే తెలుసు.

గ్యాస్ కిట్టు తీయించేవాళ్ళు ఆర్సీలో ఇంధనం వివరం మార్పించుకోవడం మరిచిపోకండి. మోటారు వాహనాల చట్టం 1988లో బండికి చేసే మార్పుల గురించి చెప్పేది 52వ సెక్షన్. కార్బ్యురేటర్ మారుతి ఉన్నవాళ్ళకి ఆ బొమ్మ కావాలంటే అడగండి, అన్నయ్య ఇవ్వమనే చెప్పాడు. ఇంజెక్షన్ మోడల్ పైపుల దారి వేరు, దానికి ఇది వాడొద్దు.