కోర్సుకు లేని వయోపరిమితి వీసాకు ఉంది

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ పత్రిక విద్యా ఉద్యోగాల పుటలో విదేశాలలో ఇంగ్లీషు బోధన అవకాశాల గురించి వచ్చిన వ్యాసాన్ని, దాని పక్కనే అచ్చయిన శిక్షణ సంస్థల ప్రకటనలను శ్రద్ధగా చదివాను. వ్యాసం డిగ్రీ పూర్తి చేసిన యువతను ఉద్దేశించి రాసినది కనుక అందులో ఆక్షేపించవలసినది నాకేమీ కనిపించలేదు. ప్రకటనలలో రెండు మాత్రం ‘వయసుతో నిమిత్తం లేదు’ అన్న మాటను పెద్ద అక్షరాలలో వేశాయి. అదే మాటను నమ్మి యాభై ఆరో ఏట శిక్షణలో చేరినవాడిని నేను. అందులో ఎంత నిజముందో, చెప్పకుండా వదిలేసినది ఎంతో, ఉద్యోగ జీవితం చివరికి వచ్చాక ఈ దారి పట్టాలనుకునే మీ పాఠకులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

కోర్సు వరకు ఆ మాట నిజమే. ఈ రంగంలో ఎక్కువ మంది యజమానులు గుర్తించే కేంబ్రిడ్జ్ వారి సెల్టా ధ్రువపత్రానికి 18 ఏళ్లు నిండాలన్న నియమమే తప్ప పై పరిమితి లేదు. 1962లో జాన్, బ్రిటా హేక్రాఫ్ట్ దంపతులు లండన్‌లో మొదలుపెట్టిన స్వల్పకాలిక శిక్షణ నుంచి ఎదిగిన ఈ కోర్సు దాదాపు 120 గంటలు సాగుతుంది. అందులో ఆరు గంటలపాటు నిజమైన విద్యార్థులకు, శిక్షకులు వెనుక కూర్చుని గమనిస్తుండగా పాఠం చెప్పాలి, నాలుగు రాత పనులు సమర్పించాలి. నాతోపాటు చేరినవారిలో చాలామంది నా వయసులో సగం వారు. వారితో సమానంగా రాత్రులు మేలుకోవడం నాకు కష్టమైంది గానీ, అంతకన్నా కష్టమైనది మాట తగ్గించుకోవడం. దశాబ్దాలుగా కింది ఉద్యోగులకు విడమరిచి చెప్పడానికి అలవాటుపడిన నోటికి, ప్రశ్న వేసి ఊరుకుని విద్యార్థి తడబడుతూ జవాబు వెతుక్కునేదాకా ఆగడం నేర్పవలసి వచ్చింది. పెద్ద వయసులో చేరేవారిలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇదే కావచ్చునని, జ్ఞాపకశక్తి కాదని నా అభిప్రాయం. చేరదలచినవారు ఈ విషయంలో అధైర్యపడవద్దని మనసారా కోరుతున్నాను.

అయితే ధ్రువపత్రం ఇచ్చేవారు వేరు, పని చేసుకోవడానికి అనుమతి ఇచ్చేవారు వేరు. చైనా 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా విదేశీ ఉద్యోగులను మూడు వర్గాలుగా విభజించి వర్క్ పర్మిట్లు ఇస్తోంది. భాషా ఉపాధ్యాయులు సాధారణంగా చేరే రెండో వర్గానికి 60 ఏళ్ల హద్దు ఉంది. ఉన్నత శ్రేణి నిపుణులుగా గుర్తింపు పొందినవారికి సడలింపు ఉన్నా, ఒక చిన్న కోర్సు పూర్తి చేసి కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చినవారికి ఆ గుర్తింపు అందదు. దక్షిణ కొరియాలో ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు 62 ఏళ్లకు పదవీ విరమణ చేస్తారు, అక్కడి ప్రభుత్వ బడులకు విదేశీ ఉపాధ్యాయులను పంపే పథకమూ ఆ హద్దునే పాటిస్తుంది. స్పెయిన్ ప్రభుత్వం పాఠశాలలకు పంపే సంభాషణ సహాయకుల పథకానికి 60 ఏళ్ల పరిమితి ఉంది. గల్ఫ్ దేశాలలో పలుచోట్ల అరవై దాటినవారికి కొత్తగా అనుమతి దొరకడం కష్టం. ఆయా దేశాలు తమ సొంత ఉద్యోగులకు పెట్టుకున్న విరమణ వయసే చాలాచోట్ల విదేశీయులకూ కొలబద్ద అవుతున్నది కనుక, యాభై ఎనిమిదో ఏట కోర్సులో చేరే వ్యక్తికి కొన్ని దేశాల తలుపులు కోర్సు పూర్తయి, కాగితాలు సిద్ధమయ్యే సరికే మూసుకుపోతాయి.

ఇది చట్టం కట్టిన గోడ. రెండో గోడ కాగితం మీద ఎక్కడా ఉండదు. పిల్లలకు భాష నేర్పే ప్రైవేటు సంస్థలలో రుసుము చెల్లించేది తల్లిదండ్రులు. చలాకీగా ఆడిపాడే యువ ఉపాధ్యాయుల ముఖాలే ఆ సంస్థల ప్రచార చిత్రాలలో కనిపిస్తాయి. అందుకే దరఖాస్తుతోపాటు ఫొటో అడుగుతారు. నేను పంపిన దరఖాస్తులలో చాలావాటికి జవాబే రాలేదు. వచ్చిన కొద్ది జవాబులలోనూ వయసు మాట ఎవరూ ఎత్తలేదు, ‘మా ప్రస్తుత అవసరాలకు సరిపోరు’ అని మాత్రం రాశారు. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం, అమెరికాలో 40 ఏళ్లు దాటినవారి కోసం 1967లో చేసిన చట్టం వయసు కారణంగా ఉద్యోగం నిరాకరించడాన్ని నిషేధించాయి. కానీ ఉపాధిలో వివక్షపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1958లో ఆమోదించిన 111వ ఒప్పందం పేర్కొన్న కారణాలలో జాతి, వర్ణం, లింగం, మతం వంటివి ఉన్నాయి గానీ వయసు లేదు. వయోధిక కార్మికుల గురించి 1980లో ఆ సంస్థ చేసినది సిఫారసు మాత్రమే. అందువల్ల ఒక దేశంలో చెల్లని నిరాకరణ మరొక దేశంలో నిరభ్యంతరంగా చెల్లుతుంది, పరాయి దేశంలో ఉద్యోగం వెతుక్కునే మనిషికి అక్కడి న్యాయస్థానం మెట్లెక్కే స్తోమత ఉండదు.

ఈ రెండు గోడలను వేరు వేరుగా చూడటం అవసరం. మొదటిదాని ముందు ఎంత ప్రతిభ ఉన్నా ఉపయోగం లేదు కనుక, అక్కడ కాలం వృథా చేయకుండా మరో దేశం వైపు తిరగాలి. రెండోదాన్ని దాటడానికి దారులున్నాయి. నాకు ఈ తేడా చెప్పినవారు లేరు. ఉద్యోగం చూపిస్తామని రుసుము తీసుకున్న ఒక ఏజెన్సీ, పుట్టిన తేదీ స్పష్టంగా ఉన్న నా పాస్‌పోర్టు నకలును మొదటి రోజే తీసుకుని కూడా, అయిదు నెలలు గడిచాక, ఆ దేశంలో నా వయసువారికి అనుమతి వచ్చే అవకాశం తక్కువని తెలిపింది. కోల్పోయిన రుసుము కన్నా ఆ అయిదు నెలలే నన్ను ఎక్కువగా బాధించాయి, ఎందుకంటే వయోపరిమితికి చేరువలో ఉన్నవాడికి పోయిన నెల తిరిగి రాదు.

వయసుతోపాటు పాస్‌పోర్టు కూడా అడ్డు తగులుతుంది. దక్షిణ కొరియా భాషా బోధనకు ఇచ్చే ఈ-2 వీసా, ఇంగ్లీషు విషయంలో ప్రధానంగా అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకు ఉద్దేశించినది. నాది వాటిలో ఏ దేశపు పాస్‌పోర్టూ కాదు. ఇంగ్లీషు మాతృభాష కాని ఉపాధ్యాయుల పట్ల వివక్ష తగదని ఈ వృత్తివారి అంతర్జాతీయ సంఘమైన టెసోల్ 2006లోనే ప్రకటించినా, వీసా నిబంధనలు రాసే అధికారులకు ఆ ప్రకటన శిరోధార్యం కాదు. భాషను కష్టపడి నేర్చుకున్నవాడికి, నేర్చుకునేవాడు ఎక్కడ తడబడతాడో ముందే తెలుస్తుందని నేను నమ్ముతాను. తరగతి గదిలో అది నాకు ప్రతిరోజూ రుజువైంది.

నాకు చివరికి దారి చూపినది నా పాత ఉద్యోగమే. ఇరవై ఎనిమిదేళ్లు నౌకా రవాణా వ్యవహారాలలో పనిచేశాను. ఓడల మధ్య, ఓడకూ తీరానికీ మధ్య రేడియోలో జరిగే సంభాషణకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక పదబంధాలను ఆమోదించింది. అందులో ప్రతి సందేశానికి ముందు అది ప్రశ్నో, జవాబో, హెచ్చరికో, సలహానో, ఆదేశమో తెలిపే ఒక్క మాటను చెప్పే పద్ధతి ఉంది. మామూలు ఇంగ్లీషు పాఠంలో మర్యాదగా నేర్పే ‘మే’, ‘మైట్’, ‘కుడ్’ వంటి సహాయక క్రియలను అక్కడ వాడవద్దంటారు. ‘మే’ అన్న మాట అనుమతి అడగడమో, అనుమతి ఇవ్వడమో, కేవలం అవకాశాన్ని సూచించడమో చెదిరిన రేడియో శబ్దంలో తేలదు. ఓడ రేవుమార్గంలోకి ప్రవేశిస్తున్న క్షణంలో ఆ సందిగ్ధతకు చోటుండకూడదు. అందుకని ముందు ‘ప్రశ్న’ అని చెప్పి, ఆ తరువాత ప్రవేశించడానికి నాకు అనుమతి ఉందా అని సూటిగా అడగాలి. పాతికేళ్ల ఉపాధ్యాయుడు సెల్టాలో నాకన్నా మంచి శ్రేణి తెచ్చుకోగలడు గానీ, ఈ నియమం ఎందుకు పుట్టిందో అతడు పుస్తకంలో చదివి తెలుసుకోవాలి.

ఈ సంగతి దరఖాస్తు మొదటి పేరాలోనే రాయడం మొదలుపెట్టిన మూడో నెలలో, వియత్నాంలో నౌకా సిబ్బందికి శిక్షణ ఇచ్చే ఒక సంస్థ నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. వారు నా వయసు అడిగారు, దాచకుండా చెప్పాను, తరువాతి ప్రశ్న నేను చూసిన ఓడల గురించి వచ్చింది. యాభై ఏడో ఏట అక్కడ చేరి, రెండు వర్క్ పర్మిట్ల కాలం, అంటే నాలుగేళ్లు బోధించాను.

నాకు ఓడలు కలిసివచ్చినట్లే మరొకరికి వారి వృత్తి కలిసిరావచ్చు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన కొలమానంలో నాలుగో స్థాయి ఇంగ్లీషు ప్రావీణ్యాన్ని అంతర్జాతీయ మార్గాల పైలట్లకు, విమాన నియంత్రణాధికారులకు తప్పనిసరి చేసింది; ఆ రంగంలో పనిచేసి విరమించినవారికి అక్కడ చోటుంది. నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు, న్యాయవాదులు ఇంగ్లీషు నేర్చుకోదలచినప్పుడు తమ పని తెలిసిన గురువును కోరుకుంటారు. వయోజనులకు నేర్పే సంస్థలు, విశ్వవిద్యాలయాలు, పరీక్షలకు తయారుచేసే కేంద్రాలు నెరసిన జుట్టును పిల్లల సంస్థలు చూసే కంటితో చూడవు. విద్యార్థి వయసు పెరిగేకొద్దీ ఉపాధ్యాయుడి వయసు మీద పట్టింపు తగ్గుతుందన్నది నేను గమనించిన విషయం. ఆన్‌లైన్ బోధన సంగతి వేరే. చైనా 2021 జూలైలో విదేశాలలో ఉన్న ఉపాధ్యాయుల చేత తన బడిపిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పించడాన్ని నిషేధించినప్పుడు, ఇంటి నుంచే ఆ పని చేసుకుంటున్న పెద్దలు ఎందరో ఉపాధి కోల్పోయారు. ఒకే దేశాన్ని నమ్ముకోకూడదనడానికి అంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కాగితాల విషయంలో పెద్దవారికి ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి, వీటిని యువతకు రాసే వ్యాసాలు సహజంగానే ప్రస్తావించవు. మూడు దశాబ్దాల క్రితం పుచ్చుకున్న డిగ్రీ పట్టాలో పేరు ఒక తీరుగా, పాస్‌పోర్టులో మరొక తీరుగా ఉంటుంది. పట్టా ఇచ్చిన విశ్వవిద్యాలయం ఈలోగా పేరు మార్చుకుని ఉండవచ్చు, కళాశాల మూతపడి ఉండవచ్చు. పెళ్లి తరువాత ఇంటిపేరు మారిన మహిళలకు ఈ చిక్కు రెట్టింపు. పట్టా అసలైనదేనని రుజువు చేసే అపోస్టిల్ ముద్ర 1961 నాటి హేగ్ ఒప్పందంలో చేరిన దేశాలలో చెల్లుతుంది. చైనాలో అది 2023 నవంబర్ 7 నుంచి అమలులోకి వచ్చింది. ఒప్పందంలో లేని దేశాలకు రాయబార కార్యాలయాల చుట్టూ తిరగడం తప్పదు. పేరు సరిచేయించుకునే పనిని కోర్సులో చేరకముందే మొదలుపెట్టాలని, పోలీసు ధ్రువపత్రం, వైద్య పరీక్ష వంటివి కొద్ది నెలలకే కాలం చెల్లిపోతాయి కనుక చివరికి ఉంచుకోవాలని నా సలహా. నేను ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ఒకే పోలీసు ధ్రువపత్రాన్ని రెండుసార్లు తెచ్చుకున్నాను.

ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, తరువాత చూద్దాం అనే యజమానిని ఏ వయసువారూ నమ్మకూడదు. ఆరోగ్య బీమా యజమాని ఇస్తాడా, ముందునుంచీ ఉన్న జబ్బులకు అది వర్తిస్తుందా అన్నది మాత్రం ఒప్పందం మీద సంతకం చేయకముందే రాతపూర్వకంగా అడగాలి. అరవైకి దగ్గరలో సొంతంగా కొనే బీమా జీతంలో ఎంత భాగాన్ని మింగుతుందో లెక్క వేసుకోకుండా బయలుదేరినవారిని నేను అక్కడ చూశాను.

సంపాదకుల వారికి నా విన్నపం ఒక్కటే. శిక్షణ సంస్థల ప్రకటనలు మీ పత్రికకు ఆదాయమని నాకు తెలుసు, వాటిని ఆపమని కోరడం లేదు. ‘వయసుతో నిమిత్తం లేదు’ అన్న మాట ఎవరైనా వేయదలచుకుంటే, అది కోర్సులో ప్రవేశానికి మాత్రమే వర్తిస్తుందని, ఏయే దేశాల వర్క్ పర్మిట్‌కు ఎన్నేళ్ల పరిమితి ఉందో చేరేముందు అభ్యర్థికి రాతపూర్వకంగా తెలుపుతామని అదే ప్రకటనలో అచ్చు వేయించవలసిందిగా కోరుతున్నాను. మీ విద్యా ఉద్యోగాల పుటలో యాభై దాటినవారి కోసం దేశాలవారీగా ఈ వివరాలను, ప్రతి ఏటా నిబంధనలతో సరిచూసి, ఒకసారి ప్రచురించగలిగితే మరీ మంచిది. ఆ పనిలో నా దగ్గరున్న కాగితాలు, నాలుగేళ్ల అనుభవం మీ విలేఖరులకు ఉపయోగపడతాయనుకుంటే ఎప్పుడైనా అందజేయడానికి సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
మీ పాఠకుడు