చలిమంటకు కట్టె ఎక్కడి నుంచి వస్తోంది?

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలం రాగానే మీ పత్రికలో లంబసింగి మంచు ఫొటోలు, వంజంగి మేఘాల ఫొటోలు వస్తాయి. అవి చూసి విశాఖ, రాజమండ్రి, హైదరాబాద్ నుంచి జనం బయల్దేరతారు. రావాలి కూడా. వాళ్లు వస్తేనే మా పిల్లలు రోడ్డు పక్కన టీ అమ్ముకుని నాలుగు డబ్బులు చూస్తున్నారు. నా బాధ టెంట్ల ముందు రాత్రిపూట వేసే మంట గురించి. చింతపల్లి మండలంలో మాకు కొద్దిపాటి కాఫీ తోట ఉంది. టెంట్లు తోట అంచునే వేస్తారు కాబట్టి ఆ మంటకు కట్టె ఎక్కడిదో నాకు బాగా తెలుసు.

టెంటుకు డబ్బు కట్టించుకునేవాళ్లు క్యాంప్‌ఫైర్ కూడా ఉంటుందని చెబుతారు. వాళ్లిచ్చే కట్టె కాసేపటికే అయిపోతుంది. అసలు చలి మొదలయ్యేది ఆ తర్వాతే. అప్పుడు కుర్రాళ్లు ఫోన్ లైట్లు వేసుకుని పుల్లల కోసం తోటల్లోకి దిగుతారు. ఏది ఎండిన కొమ్మో ఏది పచ్చిదో ఆ చీకట్లో ఎవరికి తెలుస్తుంది? చేతికందింది విరుస్తారు. చేతికందే ఎత్తులో ఉండేది కాఫీ మొక్కే. మాకది పళ్లు కోసే కాలం. ఎర్రటి పళ్ల గుత్తులతో సహా విరిచేసిన కొమ్మ సగం కాలి బూడిదలో పడి ఉంటే, తెల్లారి చూసినప్పుడు కడుపు తరుక్కుపోతుంది.

సిల్వర్ ఓక్ చెట్ల సంగతీ అంతే. కాఫీకి నీడ అవే, మిరియాల తీగ పాకేదీ వాటి మీదే. మంట అంటించడానికని కత్తితో బెరడు ఒలుస్తారు. మాను చుట్టూ బెరడు పోతే ఆ చెట్టు నిలబడదు, దాన్ని పట్టుకున్న తీగా పోతుంది. కొత్త తీగ పెడితే కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. కింద మందంగా పరుచుకున్న ఎండుటాకులను కూడా రాజేయడానికి ఊడ్చుకుపోతారు. మొక్క మొదట్లో తేమ నిలిపేది ఆ ఆకులే.

పోనీ, ఇంత చేసి వాళ్లకు మంట దక్కుతుందా అంటే అదీ లేదు. పచ్చి కట్టెలో బోలెడు నీరుంటుంది. నిప్పులో పెడితే రెండో కొసన బుసబుసమంటూ నురగ వస్తుంది. వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మిగిలేది కళ్లు మండించే పొగ. అప్పుడు ప్లాస్టిక్ సీసాలు, ప్లేట్లు పడేస్తారు. ఆ కంపు మా ఇళ్ల దాకా వస్తుంది.

మా ఊళ్ల ఆడవాళ్లు కట్టె ఏరే తీరు వేరు. మంచు కురిసే రోజుల్లో నేలకు అంటుకుని ఉన్న కట్టె చెమ్మ పీల్చుకుంటుంది. అందుకే రాలినా పొదల మీదే చిక్కుకుని ఆగిన కొమ్మలను ముందు చూస్తారు. చేత్తో వంచుతారు. ఫట్‌మని విరిగితే ఎండినట్టు, వంగిందంటే వదిలేస్తారు. నల్లజీడి పుల్లను ముట్టుకోరు. దాని జీడి తగిలినా, పొగ సోకినా ఒళ్లు పొక్కుతుంది. తుమికి కట్టె టపటపా నిప్పురవ్వలు చిమ్ముతుంది. గుడ్డ టెంటు పక్కన అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. నిలువునా ఎండిన మానుకు తొర్ర కనిపిస్తే దాని జోలికి పోరు, అందులో గోరువంకో గుడ్లగూబో ఉంటుంది. ఏరినదాన్ని చిదుగు ఒకవైపు, లావు కట్టె ఒకవైపు సర్ది, అడ్డతీగ నారతో బిగించి, చుట్టకుదురు పెట్టుకుని తలకెత్తుకుంటారు. ఒక్కో మోపు 20 కిలోలకు తగ్గదు. మా వదిన అలాగే దించుకుని వస్తుంది. గ్యాస్ ఉన్న ఇళ్లలో కూడా ఈ చలికి స్నానానికి నీళ్లు కాగేది కట్టెల పొయ్యి మీదే. టెంట్ల చుట్టుపక్కల రాలిన పుల్లలన్నీ రాత్రికి రాత్రే అయిపోతుంటే ఆడవాళ్లు ఇంకా పైకి, ఇంకా దూరం ఎక్కాల్సి వస్తోంది.

అడవిలో పుల్ల అందరిదీ అనుకోవడం పొరపాటు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు హక్కున్న చిన్నతరహా అటవీ ఫలసాయంలో తేనె, వెదురు, తునికాకుతో పాటు చిదుగును, మోడులను కూడా చేర్చింది. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. ఈ మాట రాసిన బోర్డు మా దారిలో ఒక్కచోట కూడా నాకు కనిపించలేదు.

చలిమంట వద్దని నేను అనను. మా చలి ఎలాంటిదో మాకు తెలుసు. కట్టె మా దగ్గర కొనుక్కోమంటున్నాను. వానలకు ముందు నీడ తగ్గించడానికి సిల్వర్ ఓక్ కొమ్మలు నరుకుతాం. కోత అయ్యాక కాఫీ కొమ్మలు కత్తిరిస్తాం. అదంతా రేకుల కింద ఆరబెడితే మళ్లీ చలికాలానికి చక్కటి కట్టె అవుతుంది. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ), అటవీ శాఖ, పంచాయతీలు కలిసి బళ్లు ఆగే చోట మహిళా సంఘాలతో కట్టెల కొట్టు పెట్టించాలి. తూకం వేసి, ఒకే ధరకు అమ్మించాలి. టెంట్లు వేసేవాళ్లు అక్కడే కొనాలని, తోటలకు దూరంగా గట్టి నేల మీద రాళ్లు పేర్చిన పొయ్యిలోనే మంట వేయించాలని షరతు పెట్టాలి. పడుకునే ముందు నీళ్లు పోసి, కలియబెట్టి, చెయ్యి దగ్గర పెడితే వేడి తగలకుండా ఆర్పే బాధ్యతా వాళ్లదే కావాలి.

వచ్చేవాళ్లకు ఇంకొక్క మాట. చలికి తట్టుకోలేక నిప్పులు కుంపట్లో పోసుకుని టెంటులోకి తీసుకెళ్లి జిప్ వేసుకోకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దుప్పటి ఇంకొకటి అడగండి, ఏ ఇంట్లో అడిగినా ఇస్తారు.

డిసెంబరు రద్దీ మొదలు కాకముందే అధికారులు దీనిపై గ్రామసభ పెట్టాలని కోరుతున్నాను. కట్టెల కొట్టు నడపడానికి మా ఊరి మహిళా సంఘం సిద్ధంగా ఉంది.

– ఒక కాఫీ రైతు,
చింతపల్లి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా